చిక్కిపోయిన పిల్లలకు ప్రొటీన్ పొడి: ఇవ్వబోయే ముందు, ఇచ్చేటప్పుడు చూసుకోవలసినవి

పిల్లవాడు చిక్కిపోయాడని ఎవరైనా అనగానే మందుల షాపుకు వెళ్లి ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చే అలవాటు బెంగళూరులోని మన తెలుగు కుటుంబాల్లో గట్టిగా పాతుకుపోయింది. మారతహళ్లి అపార్టుమెంట్లలో ఉండే ఉద్యోగస్తులకూ, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి కట్టడం పనులకు వచ్చి కె.ఆర్. పురం చుట్టుపక్కల షెడ్లలో ఉండే కూలీలకూ ఈ విషయంలో పెద్ద తేడా కనిపించదు. ఖరీదైన డబ్బా కొనగలిగినవారు అది కొంటారు, కొనలేనివారు కూలి డబ్బుల్లోంచి తీసి చిన్న డబ్బా కొంటారు. ఎవరి పిల్లవాడికి ఆ పొడి పనికివస్తుంది, ఎవరికి పనికిరాదు, ఎవరికి హాని చేస్తుంది అన్నది మాత్రం షాపు కౌంటరు దగ్గర తేలే విషయం కాదు. కొద్దిగా సన్నగా ఉండి ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లవాడికి పొడి వృథా ఖర్చు కావచ్చు. తీవ్రమైన పోషకాహార లోపంలో ఉన్న పిల్లవాడికి అదే పొడి మొదటి రోజుల్లో ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. అందువల్ల డబ్బా కొనే ముందే చేయవలసిన పని కొంత ఉంది.

ముందు కొలతలు

ఆరు నెలలు నిండి ఐదేళ్లలోపు ఉన్న పిల్లల విషయంలో చూపుతో అంచనా వేయడం నమ్మదగిన పద్ధతి కాదు. ఎడమ చేతి జబ్బ చుట్టుకొలత తీయించండి. భుజం ఎముక కొనకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడదీసి, టేపు చర్మానికి ఆనేలాగా, కండను నొక్కకుండా కొలవాలి. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన అది తీవ్రమైన లోపం. 11.5 నుంచి 12.5 లోపు ఉంటే మధ్యస్థ లోపం. అంగన్‌వాడీ కార్యకర్తల దగ్గర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులున్న టేపు ఉంటుంది కాబట్టి అంకె చదవవలసిన పని కూడా లేదు. దానితోపాటు ఎత్తుకు తగిన బరువు చూపించండి. కర్ణాటకలో ఇచ్చే తాయి కార్డులోనే ఎదుగుదల పట్టిక ఉంటుంది, కన్నడ లిపి మన లిపికి అన్నదమ్ముల వరస కాబట్టి రెండు మూడు సార్లు చూస్తే తెలుగువారు సులువుగా చదువుకోగలరు. పట్టికలో ఒక్క చుక్కను చూసి భయపడనక్కరలేదు. నెలనెలా పెట్టిన చుక్కలను కలిపే గీత పైకి పోతోందా, అడ్డంగా పడుకుందా, కిందికి దిగుతోందా అన్నదే అసలు సమాచారం.

ఆ తరువాత పాదాలు చూడాలి. రెండు పాదాల పైభాగాన్నీ బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి వదిలినప్పుడు గుంట అలాగే నిలిచిపోతే అది నీరు చేరిన వాపు. ఇక్కడే చాలామంది పొరపడతారు. వాపు వల్ల ముఖం నిండుగా, ఒళ్లు బొద్దుగా కనిపించి, పిల్లవాడు కాస్త పుంజుకున్నాడని అనిపిస్తుంది, బరువు కూడా పెరిగినట్టే చూపిస్తుంది. నిజానికి రెండు పాదాలకూ గుంట పడే వాపు ఉంటే, జబ్బ కొలత ఎంత ఉన్నా సరే, తీవ్ర లోపంగానే లెక్కవేస్తారు. కొన్నిసార్లు ఇదే వాపు మూత్రపిండాల జబ్బు వల్ల, మూత్రంలో ప్రొటీన్ పోవడం వల్ల వస్తుంది. పోతున్న ప్రొటీన్‌ను పొడితో పూడ్చుదామనే ఆలోచన సహజమే గాని, మూత్ర పరీక్ష చేయించకుండా అలా చేయడం అసలు జబ్బును కప్పిపుచ్చడమే అవుతుంది.

జబ్బ కొలత ఎరుపులో ఉన్నా, పాదాలు ఉబ్బినా, లేక ఆకలి పూర్తిగా చచ్చిపోయినా, మగతగా పడి ఉన్నా, ఒళ్లు చల్లబడుతున్నా, విరేచనాలు లేదా జ్వరం ఆగకుండా ఉన్నా, ఇంట్లో ఏ పొడీ మొదలుపెట్టకుండా నేరుగా పిల్లల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోషకాహార పునరావాస కేంద్రాలు ఉన్నది ఇలాంటి పిల్లల కోసమే. ఆరు నెలలలోపు పసిబిడ్డ బరువు పెరగకపోతే అక్కడ ప్రశ్న తల్లిపాల గురించి, బిడ్డ పాలు పట్టే తీరు గురించి; ఆ వయసులో ప్రొటీన్ పొడి అన్న మాటే రాకూడదు.

తీవ్ర లోపంలో ప్రొటీన్ ఎందుకు ప్రమాదం

చిక్కిపోయిన బిడ్డకు కండ పట్టాలంటే మాంసకృత్తులు పెట్టాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే దీర్ఘకాలం ఆకలితో గడిపిన శరీరం తనను తాను కాపాడుకోవడానికి పనులన్నీ తగ్గించుకుంటుంది. కాలేయం మందగిస్తుంది, మూత్రపిండాలు వ్యర్థాలను, ఉప్పును బయటికి పంపే శక్తి తగ్గించుకుంటాయి, పేగుల లోపలి పొర పలచబడుతుంది, గుండె చిన్నదై బలహీనపడుతుంది. అవసరానికి మించి వచ్చిన ప్రొటీన్‌ను శరీరం విడగొట్టినప్పుడు పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చాలి, ఆ యూరియాను మూత్రపిండాలు బయటికి పంపాలి. ఈ రెండూ సరిగా పనిచేయని స్థితిలో భారం మోపితే బిడ్డ మరింత నీరసించి, వాంతులతో, మగతతో దిగజారవచ్చు. దీనికి తోడు, ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పడినప్పుడు రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి, గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఆసుపత్రిలో మొదటి రోజుల్లో కొద్దికొద్దిగా, రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా లేపి పాలు పడతారు.

ఆ పాలలో ఏముందో చూస్తే విషయం తేటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం మొదటి దశలో ఇచ్చే ఎఫ్-75 అనే పాలలో 100 మిల్లీలీటర్లకు 75 క్యాలరీలు ఉంటాయి, ప్రొటీన్ మాత్రం 0.9 గ్రాములే. వాపు లేని బిడ్డకు కిలో బరువుకు రోజుకు 130 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తారు. ఏడు కిలోల బిడ్డ అనుకుంటే రోజు మొత్తానికి 910 మిల్లీలీటర్లు, అందులో ప్రొటీన్ సుమారు 8 గ్రాములు. ఇప్పుడు, 100 గ్రాములకు 30 గ్రాముల ప్రొటీన్ ఉందని రాసిన పొడిని తల్లి ఆదుర్దా కొద్దీ రోజుకు రెండుసార్లు 15 గ్రాముల చొప్పున కలిపి పట్టిందనుకుందాం. దానితోనే 9 గ్రాములు వెళతాయి. వైద్యులు ఆచితూచి నిర్ణయించిన మోతాదు రెండింతలు దాటిపోతుంది. ఆసుపత్రిలో ఉన్న బిడ్డకు బంధువులు తెచ్చిన డబ్బాలోంచి చాటుగా కలిపి పట్టకూడదని నర్సులు గట్టిగా చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇది.

ఆకలి తిరిగి వచ్చి, వాపు తగ్గడం మొదలయ్యాక ఎఫ్-100కు మారుస్తారు. అందులో 100 మిల్లీలీటర్లకు 100 క్యాలరీలు, 2.9 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ఈ దశలో కిలో బరువుకు రోజుకు 4 నుంచి 6 గ్రాముల ప్రొటీన్ దాకా వెళతారు. అంటే అదే బిడ్డకు అదే పోషకం రెండు వారాల తేడాలో హానికరమూ అవుతుంది, అత్యవసరమూ అవుతుంది. ఇనుము విషయం కూడా ఇలాంటిదే, మొదటి దశలో ఇవ్వరు, బరువు పెరగడం మొదలయ్యాకే ఇస్తారు. మార్కెట్లో దొరికే పిల్లల పొడుల్లో చాలావాటిలో ఇనుము కలిపి ఉంటుంది కాబట్టి ప్రొటీన్ ఒక్కటే లెక్కవేసుకుంటే సరిపోదు.

లోటు ప్రొటీన్‌దేనా?

తీవ్ర లోపం లేదని తేలాక అడగవలసిన ప్రశ్న ఇది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 12.5 గ్రాములు, నాలుగు నుంచి ఆరేళ్లవారికి 16 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలలో మరో 6 గ్రాములు ఉంటాయి. ముప్ఫై గ్రాముల కందిపప్పు వండితే ఇంకో 6, 7 గ్రాములు. అంటే గుడ్డు, గ్లాసు పాలు, ఒక చిన్న గిన్నెడు పప్పన్నం తినే మూడేళ్ల పిల్లవాడికి ప్రొటీన్ లోటు అంటూ ఏమీ లేదు. అయినా బరువు పెరగడం లేదంటే లోటు మరోచోట ఉందన్నమాట.

ఆ మరోచోటు చాలా ఇళ్లలో మొత్తం ఆహారపు పరిమాణమే. శరీరానికి తగినంత శక్తి అందనప్పుడు అది తిన్న ప్రొటీన్‌ను కూడా పొయ్యిలో కట్టెలాగా కాల్చేసుకుంటుంది, కండ కట్టడానికి మిగల్చదు. మన దేశపు పిల్లల ఆహారంలో ముందుగా కొరతపడేది క్యాలరీలేనని, అవి సరిపోయేలా మామూలు తిండి తింటే ప్రొటీన్ కూడా దాదాపు సరిపోతుందని పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్, హైదరాబాదు సంస్థలోని ఆయన సహచరులు 1960లలోనే చూపించారు. ప్రపంచమంతా ప్రొటీన్ కొరత గురించి మాట్లాడుతున్న రోజుల్లో చెప్పిన మాట అది. ఇన్నేళ్ల తరువాత కూడా ప్రకటనలు పాత పాటే పాడుతున్నాయంటే, నూనె చెంచాకు ప్రకటన ఇచ్చేవారు ఉండరు కనుక, అంతే. తీవ్ర లోపానికి వాడే తయారు ఆహారం సంగతే చూడండి. 92 గ్రాముల పొట్లంలో 500 క్యాలరీలు ఉంటాయి, వాటిలో ప్రొటీన్ నుంచి వచ్చేవి 10 నుంచి 12 శాతమే. మిగతాది ఎక్కువగా నూనె, పాలపొడి, వేరుసెనగ, చక్కెరల శక్తి.

కాబట్టి పొడికి ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లవాడు తినే ప్రతి పూట అన్నంలో, సంగటిలో, జావలో ఒక చెంచా నెయ్యో నూనో కలిపితే ఒక్కో చెంచాకు 45 క్యాలరీల దాకా చేరతాయి, కడుపు బరువెక్కదు. చిన్న పిల్లల పొట్ట చిన్నది కాబట్టి మూడు పూటలు సరిపోవు, ఐదారుసార్లు పెట్టాలి. రాగి జావ విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. మామూలు రాగిపిండితో చిక్కగా కాస్తే బిడ్డ మింగలేడు, పలచగా కాస్తే అందులో నీళ్లే ఎక్కువ. రాగులను మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి ఆడించిన పిండిలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములు తయారవుతాయి, వాటి వల్ల ఎక్కువ పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. మన రాయలసీమ ఇళ్లలో చేసే మొలకల రాగిపిండి ఈ కోవలోదే.

ఇంట్లో పొడి చేసుకోదలచుకున్నవారికి జాతీయ పోషకాహార సంస్థవారి హైదరాబాద్ మిక్స్ ఉంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేయించిన వేరుసెనగ పప్పు 10, బెల్లం 20, మొత్తం 86 గ్రాములు. దీనిలో 330 క్యాలరీలు, 11.3 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. వేరుసెనగ ఏరేటప్పుడు మాత్రం బద్ధకించకూడదు. ముడుతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా పొడిలో పడకూడదు, ఎందుకంటే వాటిలో పెరిగే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు, కాలేయానికి విషం. ఇంట్లో చేసినది కాబట్టి క్షేమమే అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

షెడ్లలో ఉండే కుటుంబాలకు ఒక మాట. ఊరిలో ఉన్నప్పుడు బాలామృతం తీసుకున్నవారు ఇక్కడికి వచ్చాక దగ్గరలోని అంగన్‌వాడీకి వెళ్లకుండా ఆగిపోతుంటారు. పిల్లల పేరును అంగన్‌వాడీల ఆన్‌లైన్ నమోదు అయిన పోషణ్ ట్రాకర్ ద్వారా ఇక్కడి కేంద్రానికి మార్పించుకోవచ్చు. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు బిడ్డకు అంగన్‌వాడీ నుంచి పోషకాహారం అందాలి. పోషకాహార లోపంలో ఉన్నవారికి ఇంకా ఎక్కువ అందాలి. డబ్బా కొనడానికి ముందు ఈ హక్కు తీసుకోవడం మంచిది.

తిండి బాగానే తింటున్నా బరువు పెరగకపోతే నులిపురుగులు, క్షయ, మూత్రంలో ఇన్ఫెక్షన్, గోధుమ పడకపోవడం వంటివి వెతకమని డాక్టరును అడగాలి. క్షయ ఉన్న బిడ్డకు పొడి పట్టి నెలలు గడపడం అన్నిటికంటే పెద్ద నష్టం.

డాక్టరు పొడి రాస్తే

కొందరు పిల్లలకు పొడి నిజంగానే అవసరమవుతుంది. జబ్బు నుంచి కోలుకుంటూ తక్కువ తినేవారు, కొన్ని రకాల గుండె జబ్బులు, కాలిన గాయాలు ఉన్నవారు, గుడ్డూ పాలూ రెండూ పడనివారు ఈ కోవలోకి వస్తారు. అలాంటప్పుడు డాక్టరు దగ్గర మూడు విషయాలు చీటీ మీద రాయించుకోవాలి: రోజుకు ఎన్ని గ్రాములు, ఎన్ని వారాలు, మళ్లీ బరువు ఎప్పుడు చూపించాలి. ఈ మూడూ లేకుండా పొడి పేరు మాత్రమే రాసి ఉంటే మర్యాదగానే మళ్లీ అడగండి.

ఇక డబ్బా చేతిలోకి తీసుకుని వెనకవైపు తిప్పాలి. ముందువైపు ఉన్న బొమ్మలు, పొడవు పెరిగిన పిల్లవాడి గీతలు మనకు ఏమీ చెప్పవు. పదార్థాల జాబితాలో ముందు రాసినది ఎక్కువ బరువు ఉన్నదని అర్థం. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్ ఉంటే మీరు ప్రొటీన్ పేరిట తీపి కొంటున్నారు. పోషకాల పట్టికలో 100 గ్రాములకు రాసిన నిలువు వరుసనే చూడండి. ఒక్కసారి వడ్డించే మోతాదుకు రాసిన వరుసలో కొన్నిసార్లు గ్లాసు పాలను కూడా కలిపి లెక్కగడతారు, అందువల్ల ఆ పాలలోని 6 గ్రాములు కూడా పొడి ఖాతాలో పడిపోతాయి. అలాంటి డబ్బాను పక్కన పెట్టి లెక్కవేస్తే, పాలు ఒక్కటే తాగించినా సగానికి పైగా ప్రొటీన్ వచ్చేదని తేలిన సందర్భాలు ఉంటాయి. ఆరోగ్య పానీయం అన్న మాటకు మన ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదు. ఈ కారణం మీదే 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం అలాంటి పానీయాలను ఆ పేరు కింద అమ్మవద్దని ఆన్‌లైన్ అంగళ్లకు సూచించింది.

జిమ్‌కు వెళ్లే అన్నయ్య డబ్బాలోంచి ఒక చెంచా తీసి తమ్ముడికి కలపడం పూర్తిగా మానాలి. పెద్దల పొడుల్లో కెఫీన్, క్రియాటిన్, రకరకాల మూలికల సారాలు, కృత్రిమ తీపి ఉండవచ్చు. పైగా లేబుల్ మీద అంకె నమ్మదగినదేనా అన్నది వేరే ప్రశ్న. కేరళ వైద్యుల నాయకత్వంలో మన దేశపు మార్కెట్లోని 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం పొడుల్లో ప్రొటీన్ వివరాలు తప్పుగా ఉన్నాయని, కొన్నిటిలో అఫ్లాటాక్సిన్ ఉందని తేలింది. సాధారణ పరీక్ష కొలిచేది నత్రజనిని, ప్రొటీన్‌ను కాదు. నత్రజని ఎక్కువగా ఉన్న చవక పదార్థం కలిపినా అంకె పెరుగుతుంది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపింది ఈ సందు చూసుకునే. దాని వల్ల సుమారు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. కాబట్టి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ చెరగకుండా ఉన్న డబ్బానే బిల్లుతో సహా కొనాలి. విడిగా తూచి ఇచ్చే పొడిని, సీలు విప్పిన డబ్బాను కొనకూడదు.

విటమిన్ల లెక్క కూడా మరచిపోవద్దు. అంగన్‌వాడీలో ఆరు నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పోస్తారు, డాక్టరు మల్టీవిటమిన్ సిరప్ రాసి ఉంటారు, ఇప్పుడు పొడిలో మళ్లీ అవే. ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి అన్ని సీసాలూ డబ్బాలూ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టడం ఉత్తమం.

కలిపే తీరు

డబ్బాలో ఇచ్చిన కొలత చెంచానే వాడాలి, దానిని కూడా పైన కత్తి వెనుక భాగంతో చదును చేసి తీసుకోవాలి. గోపురంలా తీసిన చెంచాలో అసలు కొలత కన్నా చాలా ఎక్కువ పడుతుంది. చెప్పినదాని కంటే చిక్కగా కలిపితే విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతుంది. పొదుపు కోసం పలచగా కలిపితే ఇచ్చిన ఫలితం ఉండదు. బెంగళూరులో చాలా వీధులకు ట్యాంకరు నీళ్లే దిక్కు కాబట్టి ఏ నీళ్లయినా తెర్లేదాకా కాచి, చల్లార్చి వాడాలి. పొడి సీలుతో వచ్చినంత మాత్రాన క్రిములు లేనిది కాదు. కలిపినది రెండు గంటలలోపు తాగకపోతే పారబోయాలి, సాయంత్రానికి అట్టిపెట్టకూడదు. తడి చెంచా డబ్బాలో పెట్టవద్దు, పొయ్యి పక్కన పెట్టవద్దు. వానాకాలంలో పొడి గడ్డకట్టినా, వాసన మారినా మిగిలినది ఎంత ఉన్నా వదిలేయండి.

పొడిని భోజనానికి ముందు పట్టకూడదు. గ్లాసు నిండా తాగినవాడు కంచం ముట్టడు, అప్పుడు తల్లికి పొడి వల్ల ఆకలి చచ్చిపోయిందన్న సంగతి కూడా తెలియదు. తిన్న తరువాత, లేదా జావలో, అన్నంలో కలిపి పెట్టడం మేలు.

మొదటిసారి పావు మోతాదుతో మొదలుపెట్టి రెండు మూడు రోజుల్లో పెంచండి. పెదవులు ఉబ్బడం, దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే అది పాలు, సోయా లేదా వేరుసెనగ పడకపోవడం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పొట్ట ఉబ్బరం, పుల్లటి వాసన వచ్చే నీళ్ల విరేచనాలు లాక్టోజ్ అరగకపోవడాన్ని సూచిస్తాయి, పొడి ఆపి డాక్టరుకు చెబితే వేరే రకం రాస్తారు. ప్రొటీన్ తిన్న ప్రతిసారీ వాంతులు, విపరీతమైన మగత వస్తుంటే తేలికగా తీసుకోవద్దు. పుట్టుకతో వచ్చే కొన్ని అరుదైన జీవక్రియ లోపాలలో ప్రొటీన్ వల్ల రక్తంలో అమ్మోనియా పెరుగుతుంది. మేనరికపు పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో ఇలాంటివి కాస్త ఎక్కువగా కనబడతాయి కాబట్టి, అంతకు ముందు ఇంట్లో పసిబిడ్డలు కారణం తెలియకుండా పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందుగానే చెప్పాలి.

బరువును ప్రతి వారం ఒకే తూకం మీద, ఒకే పూట, దాదాపు ఒకే రకం బట్టలతో చూసి కార్డులో రాసుకోండి. డాక్టరు చెప్పిన గడువు నాటికి గీత కదలకపోతే ఇంకో డబ్బా కొనకుండా ఆ కార్డుతో మళ్లీ వెళ్లండి, కదిలితే పొడి తగ్గిస్తూ తిండి పెంచుకుంటూ రండి. పొడి వల్ల బిడ్డకు జబ్బు చేసిందన్న అనుమానం వస్తే డబ్బాను పారేయవద్దు. మూత బిగించి, బ్యాచ్ నంబరు ఫొటో తీసి, బిల్లుతో కలిపి దాచి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐవారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.